ఒకే ఇంట్లో రెండు పాసుపోర్టులు

మా ఇంట్లో పదిహేనేళ్ళపాటు రెండు దేశాలవాళ్ళం కాపురం చేశాం. 1994 నుంచి 2009 దాకా మాలో ఒకరు అమెరికా పౌరులు, ఒకరు భారత పౌరులు. ఎవరు ఎవరో ఇక్కడ రాయం. మన సంఘంలో సగంమందికి తెలిసిన సంగతే. తెలియనివారు ఇంటికొస్తే కాఫీ ఇచ్చి చెబుతాం. బొంబాయిలో దిగినప్పుడల్లా ఒకరం స్వదేశీయుల వరసలోనూ, ఒకరం విదేశీయుల వరసలోనూ నిలబడేవాళ్ళం. పిల్లలు మాత్రం ఏ వరస పొట్టిగా వుంటే అందులోకి పరుగెత్తేవారు.

ఢిల్లీ నుంచి ఏ మంత్రిగారు వచ్చినా, మెళ్ళో దండ పడీ పడకముందే మన సభలో ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న వుంది కదా: "మాకు రెండు పౌరసత్వాలూ ఎప్పుడిస్తారండీ?" మంత్రిగారు నవ్వుతారు. పరిశీలిస్తామంటారు. మనం చప్పట్లు కొడతాం, ఆనక పులిహోర తింటాం. ప్రశ్న న్యాయమైనదే కావచ్చు. అయితే ఆ ప్రశ్నలో మనం అడుగుతున్నది హక్కునా, సదుపాయాన్నా, లేక మనసుకి కాస్త ఊరటనా అన్నది అడిగేవాళ్ళమే తేల్చుకోలేదని మాకు చాలాకాలంగా అనుమానం. అందుకని మా ఇంట్లో జరిగినదీ, మేము చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాం.

ముందు ప్రమాణం సంగతి. అమెరికా పౌరసత్వం పుచ్చుకునేటప్పుడు కుడిచెయ్యి ఎత్తి చెప్పే మాటలు మనలో చాలామంది చెప్పినవే. అంతవరకూ తాము పౌరులుగా వున్న పరాయి రాజుకీ, ప్రభువుకీ, రాజ్యానికీ విధేయతను పూర్తిగా వదులుకుంటున్నామని మొదటి మాట. ఈ దేశపు రాజ్యాంగాన్నీ చట్టాలనీ శత్రువులనుంచి కాపాడతామని తరవాతి మాట. చట్టం కోరితే ఈ దేశం తరఫున ఆయుధం పడతామని ఆ పైది. ఇదంతా మనసులో ఏ మెలికా పెట్టుకోకుండా, ఇష్టపూర్వకంగా చెబుతున్నామని ఆఖరిది. మాటలు ఇంత గట్టివైనా, ఆ రోజు వాళ్ళు మన దగ్గర పుచ్చుకునేది గ్రీన్ కార్డు ఒక్కటే. భారత పాసుపోర్టు ఇమ్మని ఎవరూ చెయ్యి చాపరు. వేరే దేశపు పౌరసత్వం కూడా వుంటే వుండనీ అని ఈ ప్రభుత్వం ఊరుకుంటుంది. 1967లో సుప్రీంకోర్టు అఫ్రోయిమ్ అనే చిత్రకారుడి కేసులో, ఇజ్రాయెల్ ఎన్నికల్లో ఓటు వేసినంతమాత్రాన అమెరికా పౌరసత్వం ఊడదనీ, మనిషి తనంతట తాను వదులుకుంటే తప్ప ప్రభుత్వం దాన్ని లాక్కోలేదనీ అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు నిలిచి తీర్పు చెప్పారు.

మనని నిజంగా తెంపేది అవతలి కొస. భారత రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షను చెప్పేది ఒకటే: ఇష్టపూర్వకంగా ఇంకో దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవాడు ఆ క్షణంనుంచి భారత పౌరుడు కాడు. దరఖాస్తు పెట్టనక్కరలేదు, నోటీసు రానక్కరలేదు. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో ఈ పౌరసత్వపు అధికరణాల ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేద్కర్ గారు, ఇంకొక్క అధికరణం మినహా మరేదీ తమ సంఘానికి ఇంత తలనొప్పి తేలేదన్నారు. అప్పటికి దేశం రెండు ముక్కలై రెండేళ్ళు. ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు, పోయి మళ్ళీ వచ్చినవాళ్ళ మాటేమిటి అన్నది లక్షల కుటుంబాల బతుకు సమస్య. రాజ్యాంగం తక్కిన భాగం చాలామటుకు 1950 జనవరి 26న అమల్లోకొస్తే, ఈ అధికరణాలు మాత్రం 1949 నవంబరు 26నే వచ్చాయి. అంత తొందర వున్న రోజుల్లో పుట్టిన కట్టుబాటు అది. మనలాంటి వాళ్ళు షికాగోలో ఇళ్ళు కొనుక్కుని, సంక్రాంతికి టికెట్లు వెతుక్కుంటారని ఆనాడు ఎవరి ఊహలోనూ లేదు.

మాలో మొదటివారు 1994లో ప్రమాణం చేసింది చెల్లెలి కోసం. తోబుట్టువులకి దరఖాస్తు పెట్టాలంటే పౌరులై తీరాలి, గ్రీన్ కార్డు చాలదు. మన సంఘంలో ఎంతమంది ఈ కారణంగానే ప్రమాణం చేశారో లెక్కపెడితే హాలు సగం లేస్తుంది. ఈ సంగతి తెనాలి దగ్గర పల్లెలో వున్న నాన్నగారికి రాశాం. ఆయన 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయిన రోజున బడి పిల్లవాడు. ఇప్పుడు రణరంగ చౌక్ అంటున్న చోటికి ఆ మర్నాడు వెళ్ళి చూసినవాడు. ఏరోగ్రాములో ఆయన జవాబు మూడే వాక్యాలు. చెల్లెలికోసం చేస్తున్నది మంచిపనే అన్నారు. ప్రమాణం మాటలు ఎవరిచేతనో చదివించుకున్నానన్నారు. ఆయుధం పట్టాల్సి వస్తే, అది ఎవరిమీదైనా సరేనా అని అడిగారు.

అలాంటి అవసరం రాదు నాన్నగారూ, రెండూ ప్రజాస్వామ్య దేశాలు అని రాశాం. వచ్చిన ఉత్తరంలో ఒకటే వాక్యం: "రాదని నాకూ తెలుసు, వస్తే ఏం చేస్తారో రాయండి." మూడు నెలలపాటు ఆ ఉత్తరం ఫ్రిజ్ మీద వుండిపోయింది. మేమిద్దరం రాత్రులు దాని గురించి వాదించుకున్నాం. ఇది ఉత్త లాంఛనం, ఎవరూ ఆ మాటలు నిజంగా అనుకోరు అని ఒకరం. మనం ఏ సంతకం పెట్టినా లాంఛనమేనా, పెళ్ళిలో చెప్పినవీ లాంఛనమేనా అని ఇంకొకరం. 1971 డిసెంబరులో అమెరికా తన ఏడో నౌకాదళపు నౌకలను బంగాళాఖాతం వైపు పంపిన రోజులు ఇద్దరికీ గుర్తే. కాలేజీ హాస్టల్లో రేడియో చుట్టూ మూగి విన్నవాళ్ళమే. అసలు రాదని కొట్టిపారేసే ప్రశ్న కాదది. ఆఖరికి ఇలా రాశాం: "చెప్పిన మాట తప్పం. ఆ మాట ఇష్టం లేకపోతే ప్రమాణానికే వెళ్ళం." ఆయన జవాబు: "అయితే సరే. దొంగ ప్రమాణం కాకపోతే చాలు." తరవాత అంతా వరి ధర గురించీ, ఎరువుల గురించీ.

చెల్లెలి వంతు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. అప్పటికి ఆమె పెద్దకొడుక్కి ఇరవై ఒకటి దాటిపోయి, తల్లితో రావడానికి పనికిరాకుండా పోయాడు. వాణ్ణి వదిలి రానంది. అలా ఏ పనికోసం ప్రమాణం చేశామో ఆ పని జరగలేదు, ప్రమాణం మాత్రం మిగిలింది. కారణం పోయింది కనక మాట కూడా పోయిందని అనుకోగలమా? మాలో మొదటివారు అప్పటినుంచి జ్యూరీకి పిలుపొస్తే సాకు చెప్పకుండా వెళ్ళారు. ఊరి స్కూలు బోర్డు ఎన్నికల్లో కూడా ఓటు మానలేదు. మన తెలుగువాళ్ళలో అధ్యక్ష ఎన్నికలప్పుడు అరిచి, స్కూలు బోర్డు ఎన్నికలప్పుడు నిద్రపోయేవాళ్ళే ఎక్కువ. ఆస్తిపన్ను పెరిగినప్పుడు మళ్ళీ మేలుకుంటారు.

ఇక్కడ పాత సంగతులు కొన్ని చెప్పాలి. మనకు ఈ పౌరసత్వం తలుపు తట్టగానే దొరికింది. ముందు వచ్చినవాళ్ళకి అలా దొరకలేదు. భగత్‌సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరినవాడు. అయినా 1923లో సుప్రీంకోర్టు, ఈయన మామూలు జనం దృష్టిలో తెల్లవాడు కాడు, కనక పౌరుడయ్యే అర్హత లేదని తేల్చింది. ఆ తీర్పు ఆసరాగా అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా తీసివేశారు. వారిలో వైష్ణోదాస్ బగాయ్ ఒకరు. 1915లో భార్యాబిడ్డలతో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి, దుకాణం పెట్టి, బ్రిటిషు విధేయతను వదులుకుని పౌరుడైనవాడు. పౌరసత్వం పోయాక స్వదేశం వెళ్ళిరావాలంటే అమెరికా పాసుపోర్టు ఇవ్వమన్నారు, బ్రిటిషు పాసుపోర్టు అడిగి తెచ్చుకోమన్నారు. ఏ రాజుని కాదని వచ్చాడో ఆ రాజు దగ్గరకే. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. విధేయత మనిషి ఇస్తే చాలదు, పుచ్చుకునేవాడు కూడా వుండాలని ఆయన కథ చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఆ తీర్పు వచ్చిన రోజుల్లోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. హార్వర్డులో, ఆ తరవాత లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో ఆయన చేసిన పని ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో అందరికీ తెలుసు. 1946లో చట్టం మారి భారతీయులకు ఏడాదికి వందమంది చొప్పున వచ్చే వీలూ, పౌరులయ్యే అర్హతా కలిగాయి. సుబ్బారావు గారు అమెరికా పౌరసత్వం లేకుండానే 1948లో కన్నుమూశారు. ఆ చట్టం వల్లనే 1949లో పౌరుడైన దలీప్‌సింగ్ సాంద్ 1956 ఎన్నికల్లో కాలిఫోర్నియానుంచి కాంగ్రెసుకి గెలిచాడు. ఒకాయన పౌరుడు కాకుండానే ఈ దేశానికి మందులిచ్చాడు, ఒకాయన పౌరుడై చట్టాలు చేశాడు. ఇద్దరిలో ఎవరు విధేయులని అడిగితే మేమేం చెబుతాం? అన్నట్టు, 1953లోనే అమెరికా పౌరుడైన చంద్రశేఖర్ గారికి 1968లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. పేరు గొప్పదైతే పాసుపోర్టు రంగు ఎవరూ చూడరు.

ఇంకో కథ మన తీరానికి దగ్గరది. కాకినాడ పక్కన కోరంగి రేవునుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడివాళ్ళు ఆ రేవు పేరుతోనే పిలిచేవారు. రంగూను రేవులో బస్తాలు మోసిందీ, మిల్లుల్లో పనిచేసిందీ వాళ్ళే. 1948లో బర్మా స్వతంత్రమై పౌరసత్వ చట్టం చేసినప్పుడు, ఏళ్ళ తరబడి అక్కడ వున్నవాళ్ళకి దరఖాస్తు పెట్టుకునే వీలు వుంది. చాలామంది పెట్టుకోలేదు. కొందరికి కాగితాలు లేవు, కొందరికి సంగతే తెలియదు. ఇంకొందరు మాత్రం ఇటూ అటూ రెండూ వుంటాయిలే అనుకున్నారు. 1962లో నే విన్ వచ్చాడు. దుకాణాలు జాతీయం చేశాడు. 1964 మేలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నాడు. ఓడల్లో తిరిగొచ్చినవాళ్ళకి విశాఖపట్నంలో ఒక పేటే వెలిసింది, దాన్ని ఇప్పటికీ బర్మా క్యాంపు అంటారు. మా దూరపు బంధువొకాయన రేకుపెట్టె ఒకటి పట్టుకుని వచ్చి మా ఇంట్లో నెలరోజులున్నాడు. నలభై ఏళ్ళు వున్న ఊళ్ళో పరాయివాడు, పుట్టిన ఊళ్ళో చుట్టం. అందుకే మన యువకులెవరైనా గ్రీన్ కార్డు చాల్లెండి, పౌరసత్వం ఎందుకు అంటే, వాళ్ళ దేశభక్తిని మెచ్చుకునే ముందు ఆ రేకుపెట్టె గుర్తొస్తుంది మాకు.

మాలో రెండోవారు 2009 దాకా ఆగింది నాన్నగారి కోసమని అందరూ అనుకున్నారు. ఆయన 2007లో పోయారు కనక లెక్క సరిపోయింది. కాని ఆయన ఎన్నడూ వద్దనలేదు. ఆగింది ఆశకొద్దీ. 2002 జనవరిలో సింఘ్వీ గారి కమిటీ ద్వంద్వ పౌరసత్వం ఇవ్వవచ్చని నివేదిక ఇచ్చింది. 2003లో పార్లమెంటు చట్టం సవరించింది. మొదట పదహారు దేశాలవారికే అన్నారు, 2005లో పాకిస్తాన్, బంగ్లాదేశ్ మినహా అందరికీ అన్నారు. 2006 జనవరిలో మన హైదరాబాదులోనే ప్రవాసీ దినోత్సవం జరిపి ప్రధాని మన్‌మోహన్ సింగ్ గారు మొదటి కార్డులు అందించారు. మాకు పండగే అనిపించింది. కార్డు చేతికొచ్చాక నిబంధనలు చదివాం. పేరు ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా. ఓటు లేదు. పదవి లేదు. పొలం కొనరాదు. చక్కని, జీవితాంతం చెల్లే వీసా అది. వీసాగా దానికి వంక పెట్టం, మంచి ఉపకారమే. 2015లో పాత పీఐఓ కార్డుని కూడా దీంట్లో కలిపారు. కాని వీసాకి పౌరుడని పేరు పెట్టడమే మాకు రుచించలేదు. చుట్టాన్ని ఇంటివాడివని పిలిచి, పడక వసారాలో వేసినట్టుంది. 2021లో ఈ కార్డు వున్నవాళ్ళు పత్రికా రచనకీ, మతప్రచారానికీ, పరిశోధనకీ ప్రత్యేక అనుమతి పుచ్చుకోవాలని మళ్ళీ ఉత్తర్వు వచ్చినప్పుడు, వసారా సంగతి ఇంకాస్త స్పష్టమయింది. అయినా తప్పు ఢిల్లీదని మేమనం. పన్ను అక్కడ కట్టని, వరదొస్తే అక్కడ మునగని మనకు అక్కడి ప్రభుత్వాన్ని మార్చే ఓటు ఎందుకివ్వాలో చెప్పమంటే, మన సభల్లో వినబడే జవాబేదీ మాకే నచ్చలేదు.

2008 నవంబరులో మా ఇంట్లో ఓటు లేని మనిషి ఒక్కరే మిగిలారు. అమ్మాయికి కూడా పద్దెనిమిది దాటి రెండేళ్ళయింది. అప్పటికి బయటి దేశంలో వుంటున్న భారత పౌరులకి అక్కడ జాబితాలో పేరు వుండేది కాదు. ఆ వీలు 2010 సవరణతో వచ్చింది, అదీ స్వయంగా ఊరెళ్ళి వేస్తేనే. రెండు దేశాల్లో ఎక్కడా లెక్కలోకి రాని మనిషిగా వుండడంలో విశేషమేముందని మరుసటేడు ప్రమాణానికి వెళ్ళారు. భారత పాసుపోర్టు కాన్సలేటుకి పంపితే మీద రద్దు ముద్ర వేసి తిప్పి పంపారు. ఆ రోజు ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. రాత్రి పప్పుచారుతో అన్నం తిని పడుకున్నాం.

క్రికెట్టు విధేయతకి గీటురాయని 1990లో ఇంగ్లండులో టెబిట్ అనే నాయకుడు అన్నాడు. 2024 జూన్ 12న న్యూయార్కు దగ్గర అమెరికా, ఇండియా ఆడినప్పుడు మా హాల్లో పదిహేనుమందిమి. బొంబాయిలో పుట్టి పెరిగి, ఇండియా అండర్ నైన్‌టీన్ జట్టుకి ఆడిన సౌరభ్ నేత్రవల్కర్, అమెరికా తరఫున బంతి వేసి కోహ్లీని మొదటి బంతికే పంపించాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. పెద్దవాళ్ళం నోళ్ళు తెరిచి వుండిపోయాం. రోహిత్ కూడా వెళ్ళాక ఒక పెద్దాయన "మన కుర్రాడే కదా తీసింది" అని సర్దిచెప్పుకున్నారు. ఆఖరికి ఇండియా గెలిచింది, అందరం మిర్చిబజ్జీలు తిన్నాం. టెబిట్ గారు వచ్చి మార్కులు వేసుకోవచ్చు.

తుపాకీ పట్టినవాడు పాసుపోర్టు అడగడు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని, మా దేశం వదిలిపొండని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. వాణ్ణి ఆపబోయి గుండు దెబ్బ తిన్న ఇయన్ గ్రిలట్ అనే కుర్రవాడు ఇక్కడివాడే. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి.

ఇక అమ్మాయి సంగతి. చదువయ్యాక దేశరక్షణకి సంబంధించిన ఉద్యోగమొచ్చింది. వందకు పైగా పేజీలున్న ఫారం నింపాలి. విదేశాల్లో బంధువులెవరు, ఎన్నాళ్ళకోసారి మాట్లాడతావు, అక్కడ నీకు గాని మీవాళ్ళకి గాని ఆస్తి వుందా. రాత్రి పదింటికి ఫోను: "అమ్మా, నాయనమ్మ పుట్టినరోజు ఎప్పుడు?" ఎవరికి తెలుసు? తెనాలికి కబురు చేస్తే, మీ తాతయ్య కంటే నాలుగేళ్ళు చిన్న, చిత్తకార్తెలో పుట్టింది అన్నారు. చిత్తకార్తె ఆ ఫారంలో పట్టదు. తరవాత వివరాలు విచారించే ఆయన మా ఇంటికీ వచ్చాడు. మర్యాదస్తుడు. మీ అమ్మాయి ఈ దేశానికి విధేయురాలని మీరనుకుంటున్నారా అని అడిగాడు. నాన్నగారి ఉత్తరం ఫ్రిజ్ మీద వున్న మూడు నెలలూ మాకు గుర్తొచ్చాయి. అనుకుంటున్నామని చెప్పాం. అది నిజమే.

ఉద్యోగం వచ్చింది. ఆ పిల్ల ఓసీఐ కార్డు మాత్రం పుచ్చుకోనంది. పుచ్చుకోకూడదని ఎవరూ చెప్పలేదు. "ప్రతి అయిదేళ్ళకీ దాన్ని గురించి సంజాయిషీ రాసుకోవడం నాకిష్టం లేదు, అది లేకపోతే నేను నాయనమ్మకి మనవరాలిని కాకుండా పోతానా?" అంది. మాలో ఒకరికి కళ్ళనీళ్ళు తిరిగాయి, ఒకరికి అది తాతగారి గొంతులా వినిపించింది. 2019లో నాయనమ్మ పోయినప్పుడు మేము కార్డులు జేబులో పెట్టుకుని ఆ రాత్రే విమానమెక్కాం. అమ్మాయి ఆఫీసులో చెప్పుకుని, ఈ-వీసా తెచ్చుకుని, పదకొండోనాటికి చేరింది. ఊళ్ళో ఎవరూ ఆలస్యమైందేమని అడగలేదు. ఆ సాయంత్రం చిన్నప్పటిలాగే బాబాయి వెంట గట్టుమీద నడిచి పొలం చూసొచ్చింది.

ఆ పొలం రెండెకరాల మాగాణి. మాకు వారసత్వంగా వచ్చింది, ఇంకో సెంటు కూడా కొనలేం. మా తరవాత అమ్మాయికి వెళితే మళ్ళీ ఆ ఫారంలో ఒక గడి. మేమిద్దరం ఏడాదిపాటు తర్జనభర్జన పడి, వ్యవసాయం చేస్తున్న తమ్ముడి కొడుకు పేర రాసిచ్చేద్దామని తేల్చుకున్నాం. సంక్రాంతికి వెళ్ళి ఆ పని చేశాం. దస్తావేజు రాసినాయన మా కార్డులు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇండియన్ అని రాయమంటారా, అమెరికన్ అని రాయమంటారా? ఒకటే చెప్పండి" అన్నాడు. అమెరికన్ అని రాయించాం. సంతకాలు తెలుగులో పెట్టాం. మధ్యాహ్నం అబ్బాయి మోటారు సైకిలు మీద ఒకరి తరవాత ఒకరిని పొలానికి తీసుకెళ్ళాడు. వరి కోసేసి మినుము వేశాడు, పూతమీద వుంది. అక్కణ్ణుంచే అమ్మాయికి ఫోను చేసి, ఇక ఆ గడి ఖాళీగా వదిలెయ్యొచ్చని చెప్పాం. అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ తరవాత, "మినుము ఎలా వుంది?" అని అడిగింది.